వార్త – సంఘము – గ్రంథాలయము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మాటలాడుటకు పండితులు పలువురుండగా, లెక్కలు వ్రాసి పొట్టపోసికొను నన్ను నిలువబెట్టుట మీ వాత్సల్యమునకు గురుతు. నేను కళాశాల మెట్టు ఎక్కినవాడను కాను. భారతమును, రామాయణమును ఈ గ్రంథాలయములోని బల్లముందే కూర్చుండి, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, పడుచు లేచుచు చదువుకొన్నవాడను. కావున నా మాటలలో పాండిత్యమును వెదుకకుడు. లెక్క సరిపోయినదో లేదో మాత్రము చూడుడు.

మొన్న జరిగిన కార్యవర్గ సమావేశములో ఒక ప్రశ్న పుట్టినది. “అందరి చేతులలోను ఫోను ఉన్నది. లోకములోని వార్తలన్నియు క్షణములో అరచేతిలోనికి వచ్చుచున్నవి. పఠనమందిరములో పత్రికలు ముట్టువారు రోజుకు పదిమంది కూడ లేరు. ఇక పత్రికలకు చందా కట్టుట ఏల? ఆ ధనముతో కుర్చీలు కొనరాదా?” అని. అడిగినవారు గ్రంథాలయమునకు శత్రువులు కారు, దాని మేలు కోరినవారే. ఈ సంస్థ జమాఖర్చులు వ్రాయువాడను గనుక, ఆ చందా మనకు ఎంత బరువో నాకు తెలియును. తొందరపడి సమాధానము చెప్పక, ఈ సభవరకు గడువు అడిగితిని. నేటి నా ప్రసంగము ఆ ప్రశ్నకు నేను ఇచ్చుకొను జవాబే.

ముందు “వార్త” అను మాటను చూతము. మన పూర్వులు రాజు నేర్వదగిన విద్యలు నాలుగు అనిరి. ఆన్వీక్షికి, త్రయి, వార్త, దండనీతి. ఇందులో వార్త అనగా నేడు మనమనుకొను సమాచారము కాదు. సేద్యము, పశుపాలనము, వర్తకము – ఈ మూడింటికిని కలిపి కౌటిల్యుడు తన అర్థశాస్త్రములో వార్త అని పేరు పెట్టెను. ప్రజలు ఏమి తిని బ్రతుకుచున్నారో తెలిపెడి విద్య వార్త. కాలక్రమమున ఆ పదము సమాచారమను అర్థమున స్థిరపడినది. అయినను పాత అర్థమును మనము పూర్తిగా మరువరాదని నా మనవి. వాన ఎప్పుడు పడునో, ధాన్యము ధర ఎంతో, ఏ చట్టము మన పొలము గట్టుమీదికి వచ్చుచున్నదో, ఎవని నోటికాడి కూడు పోవుచున్నదో చెప్పునది వార్త. అది లేక తక్కినవెన్ని ఉన్నను కాలక్షేపమే.

వెనుకటి కాలమున మన పల్లెకు వార్త ఎట్లు వచ్చెడిది? టముకు వేసి చాటింపు వేయువాడు సర్కారువారి ఉత్తరువు చెప్పెడివాడు. సంతకు పోయివచ్చినవాడు ధరలు చెప్పెడివాడు. హరిదాసు, బుర్రకథ దళమువారు పురాణముతోపాటు దేశకాలపరిస్థితులను కథలో కలిపి చెప్పెడివారు. వీటన్నిటిలో ఒక గుణమున్నది, గమనింపుడు. చెప్పువాడు ఎదుట నిలిచియుండును. అబద్ధమాడినచో మరుసటివారము అతడు మరల ఆ వీథికే రావలెను. మాటకు మనిషి పూచీ ఉండెడిది.

తరువాత అచ్చుయంత్రము వచ్చెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించి, సంఘములోని దురాచారములను, ఉద్యోగుల లంచగొండితనమును బయటపెట్టిరి. 1902లో బందరున కృష్ణాపత్రిక వెలసినది. ముట్నూరి కృష్ణారావుగారు 1907 మొదలు 1945లో కన్నుమూయువరకు దాని సంపాదకులుగా నుండిరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసునుండి దినపత్రికగా వెలువరించిరి. హైదరాబాదున సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పిరి.

ఈ గోలకొండ పత్రిక చేసిన పని ఒకటి చెప్పవలెను. తెలంగాణమున తెలుగుకవులే లేరని ఎవరో అనగా, ప్రతాపరెడ్డిగారు కోపముతో వాదమునకు దిగలేదు. ఊరూరికిని వ్రాసి, కవుల రచనలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చువేసిరి. అపవాదమునకు లెక్కతో జవాబు చెప్పుట అనగా ఇదియే. లెక్కలవాడను గనుక నాకు ఆ సంచికను తలచినప్పుడెల్ల ఒడలు పులకించును. ఒక ప్రాంతపు ప్రజలు తమ ముఖమును తాము చూచుకొనుటకు పత్రిక అద్దమైనది.

ఆ దినములలో పత్రిక ఒక్కటి వచ్చినచో చదువువాడు ఒకడు, వినువారు ఇరువదిమంది. అక్షరము వచ్చినవాడు అరుగుమీద కూర్చుండి బిగ్గరగా చదువును. తక్కినవారు వినుచు ప్రశ్నలు వేయుదురు. “ఆగు, ఆ మాట మరల చదువు” అని ఒకరు. “అది నమ్మశక్యముగా లేదే” అని మరియొకరు. “నేను ఆ ఊరు పోయియున్నాను, అక్కడ నది లేదు” అని ఇంకొకరు. పత్రిక చెప్పినదంతయు ఊరి జల్లెడలో పడి, నలిగి, మిగిలినది మాత్రమే లోపలికి పోయెడిది. గ్రంథాలయోద్యమము ఈ అరుగునకే ఇల్లు కట్టినది. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటి పెద్దల పూనికతో 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. వేటపాలెమున 1918లో పుట్టిన సారస్వత నికేతనము పాతపత్రికలను పదిలపరచి, పరిశోధకులకు పెన్నిధియైనది. పాతూరి నాగభూషణముగారు 1935లో గుంటూరు జిల్లా కాలువలో పడవమీద గ్రంథాలయమును నడిపించిరి. పుస్తకమునొద్దకు రాలేని పల్లెకు పుస్తకమే నీటిమీద వచ్చినది. ఈ మహనీయులు పుస్తకమును, పత్రికను వేరుచేసి చూడలేదు. పఠనమందిరము లేని గ్రంథాలయమును వారు ఊహింపలేదు.

ఆ తరువాత రేడియో వచ్చెను. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన మొదలైనది. పంచాయతీ రేడియో చుట్టు సాయంకాలము జనము చేరి, వ్యవసాయ కార్యక్రమము, ధరవరలు, పాటలు విని, ఇంటికి పోవుచు వాటినిగూర్చి ముచ్చటించుకొనుట మన పెద్దలెరిగినదే. దూరదర్శనము కూడ తొలుత పల్లెకు అట్లే వచ్చినది. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము, అమెరికావారి ఉపగ్రహము సాయమున, ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారము చేసిరి. వానిలో ఆంధ్రదేశపు పల్లెలును ఉండెను. ఊరికి ఒక పెట్టె, దాని ముందు ఊరంతయు.

ఇంతవరకు చెప్పినదాని సారమేమి? యంత్రము మారినది, వేగము హెచ్చినది. కాని వార్త పదిమంది నడుమ పడెడిది. ఇది మనసున నుంచుకొనుడు.

వార్తయు సంఘమును చేయి కలిపినచో ఏమి జరుగునో చెప్పుటకు మన తెలుగునేలమీదనే ఒక గొప్ప నిదర్శనము కలదు. నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరాస్యతా ఉద్యమము సాగినది. పగలంతయు కూలిచేసి వచ్చిన తల్లులు రాత్రి లాంతరు చుట్టు కూర్చుండి అక్షరములు దిద్దిరి. ఆ వాచకములలో, త్రాగుడువలన చెడిన సంసారమునుగూర్చియు, ఆడువారు ఏకమైనచో ఏమి చేయగలరో దానినిగూర్చియు పాఠములుండెను. దూబగుంట గ్రామపు స్త్రీలు ఆ పాఠమును పాఠముగా విడిచిపెట్టలేదు. “ఇది మన ఊరి కథయే గదా” అనుకొనిరి. వర్ధినేని రోశమ్మగారు మొదలగువారు ముందు నడువగా, తమ ఊరికి సారా రాకుండ అడ్డుకొనిరి. 1992లో ఆ నిప్పు ఊరూరికిని ప్రాకినది. సారా వేలముపాటలు సాగనీయక స్త్రీలు నిలబడిరి. తెలుగు దినపత్రికలు దినదినము ఆ వార్తలను ప్రచురించినవి. ఒక ఊరిలో జరిగినది మరియొక ఊరివారు చదివిరి, చదివించుకొనిరి. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. అది నిలువలేదు, 1997లో సడలింపబడినది.

ఈ కథను నేను చిఠ్ఠా విప్పి చూచినట్లు చూచితిని. ఇందులో ఎవరి పద్దు ఎంత? మొదటి పద్దు అక్షరము. రెండవది, ఆ అక్షరముచుట్టు కూర్చుండి మాటలాడుకొనిన స్త్రీల గుంపు. మూడవది వారి ధైర్యము. పత్రిక నాలుగవది. పత్రిక గాలివంటిది. నిప్పు ఉన్నచోట గాలి వీచినచో మంట ఎగయును. నిప్పే లేనిచోట గాలి ఎంత వీచినను దుమ్మే రేగును. దూబగుంట తల్లులు ఒంటరిగా ఎవరియింట వారు ఆ పాఠము చదివియుండినచో, నిట్టూర్చి పుస్తకము మూసియుండెడివారు. కలిసి చదివిరి గనుక సారాకొట్టు మూసిరి.

ఇక రెండవ ప్రక్కను చూడవలెను. జమ మాత్రమే చెప్పి ఖర్చు దాచిన లెక్క దొంగలెక్క.

పత్రికకు మనము ఇచ్చు వెల దాని కాగితమునకు, అచ్చునకు, మోతకు చాలదు. తక్కినది ప్రకటనలవలన వచ్చును. ఇందు తప్పు లేదు. నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనము అమ్మి గడించిన ధనముతోనే ఆంధ్రపత్రికను పోషించిరి. అది దాపరికము లేని పద్దు. అమృతాంజనము డబ్బామీద అమృతాంజనము అనియు, పత్రికమీద పత్రిక అనియు వ్రాసియుండెను. కాని ప్రకటనను వార్తవేషము వేసి అమ్మినచో? 2009 ఎన్నికలలో ధనము పుచ్చుకొని అభ్యర్థుల పొగడ్తలను వార్తలవలె అచ్చువేసిరను ఆరోపణలు దేశమంతట చెలరేగినవి. భారత పత్రికా మండలి దీనిని విచారించుటకు ఇద్దరు సభ్యుల ఉపసంఘమును నియమించినది. వారిలో ఒకరు మన తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాసరెడ్డిగారు. వారి నివేదిక 2010లో తయారైనది. కాని మండలి మొదట దానిని కుదించి ప్రకటించినది. పూర్తి పాఠము 2011లో గాని ప్రజలకు అందలేదు. ఇతరుల రహస్యములను బయటపెట్టవలసిన రంగమునకు తన రహస్యము బయటపడుట కష్టముగా తోచినది. కనుక పత్రికలో ఉన్నది గనుక నిజమని నేను ఎన్నడును చెప్పను. మన మందిరములో ఒక్క పత్రిక చాలదనుటకు కారణము ఇదియే. రెండు పత్రికలు ప్రక్కప్రక్కన పరచినప్పుడు, ఒకదానిలో పతాకశీర్షికయైనది మరియొకదానిలో ఏ మూల నక్కినదో, ఏది అసలే కనబడలేదో తెలియును. ఒక పద్దును మరియొక పద్దుతో సరిచూచుట వంటిది ఇది.

ఇప్పుడు ఫోను సంగతికి వత్తును. ఇది పరులమీద నేరము మోపు కథ కాదు. నా తప్పు నేను ఒప్పుకొను కథ. మీలో కొందరికి తెలిసినదే, అయినను ఈ సంచికలో అచ్చుపడి ఉండవలెనని చెప్పుచున్నాను.

2018 వేసవిలో నా ఫోనునకు ఒక సందేశము వచ్చినది. పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు మన జిల్లాలలో తిరుగుచున్నవని, పరదేశి కనబడినచో నమ్మవలదని, అందరికిని పంపి పుణ్యము కట్టుకొనుడని అందులో ఉండెను. ఎవరు వ్రాసిరో లేదు. ఏ ఊరో లేదు. తేదీ లేదు. దాని క్రింద భయంకరమైన బొమ్మ ఒకటి. ఇంటిలో చిన్నపిల్ల యున్నది గనుక నా గుండె ఝల్లుమన్నది. వెంటనే బంధువులకును, మన ఊరి కుర్రవాండ్ర గుంపునకును పంపితిని. మంచి చేసితినని తృప్తిగా నిద్రించితిని.

మూడవనాడు సాయంకాలము రావిచెట్టు కడ కేకలు వినవచ్చినవి. దుప్పట్లు మోసికొని ఇంటింటికి అమ్ముకొను ఒక ఉత్తరాదివాడు, నడివయసువాడు, చెట్టునకు ఆనుకొని నిలబడియున్నాడు. చుట్టు ఇరువది ముప్పదిమంది. వానికి తెలుగు రాదు. వాడు తడబడిన కొలది మనవారి అనుమానము పెరిగినది. అప్పటికే ఒకడు చేయి చేసికొనెను. దుప్పట్లు మట్టిలో పడియున్నవి. ఇంకొక పావుగంట గడచియుండినచో ఏమి జరిగియుండెడిదో తలచుకొనుటకు నేటికిని నాకు భయము.

అంతలో మన గ్రంథపాలకులు వచ్చిరి. కేకలు వేయలేదు, ఎవరిని తిట్టలేదు. ఆ మనిషి చేయి పట్టుకొని, “ముందు మంచినీళ్ళు తాగనివ్వండిరా” అని పఠనమందిరములోనికి తీసికొనిపోయి, పత్రికల బల్లకడ కూర్చుండబెట్టిరి. ఆనాటి దినపత్రిక తీసి, పిల్లల దొంగల మాట వట్టి పుకారని పోలీసువారు చేసిన ప్రకటనను బిగ్గరగా చదివిరి. మరల చదివిరి. గుంపు నెమ్మదించినది. అప్పుడు ఒక కుర్రవాడు ఫోను చూపి, “ఇదిగోనండి, బాబాయిగారే పంపారు గదా! ఆయన పంపినది అబద్ధం ఎట్లా అవుతుందనుకున్నాం” అనెను. నేను అక్కడనే యున్నాను. అందరును నావైపు చూచిరి.

ఒక్క రూపాయి పద్దునైనను రశీదు చూడక ఆవర్జాలోనికి ఎక్కించనివాడను నేను. ఒక మనుష్యుని ప్రాణమునకు సంబంధించిన పద్దును రశీదు లేక ఎక్కించితిని. అంతేకాదు, ముప్పది సంవత్సరముల నా నమ్మకమును దానికి పూచీగా పెట్టితిని. ఆ కుర్రవాండ్రు ఆ సందేశమును నమ్మలేదు, నన్ను నమ్మిరి. అబద్ధము తన కాళ్ళమీద నడువదు. మంచివాని భుజమెక్కి ఊరిలోనికి వచ్చును. ఆనాడు ఆ భుజము నాది. ఆ పరదేశికి చేతులు జోడించి, దుప్పట్లు దులిపి మూటకట్టి, బస్సు ఎక్కించితిమి. అతడు ఒక్క మాటయు అనలేదు. అనియుండినచో నాకు కొంత భారము తీరియుండెడిది.

మన ఊరు అదృష్టవశమున తప్పించుకొన్నది. అదే సంవత్సరము జులై 1వ తేదీన మహారాష్ట్రములోని ధూళే జిల్లా రైన్‌పాడా గ్రామమున, ఇట్టి పుకారే నమ్మి, జనులు ఐదుగురిని కొట్టి చంపిరి. దేశములో మరికొన్ని చోట్లను నిర్దోషులు బలియైరి. ఆ నెలలోనే వాట్సప్ సంస్థవారు మన దేశమున ఒక సందేశమును ఒక్కసారి ఐదు చాట్లకు మించి పంపకుండ కట్టడి చేసిరి. తెలంగాణములో జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటుగా నుండిన రెమా రాజేశ్వరిగారు, పోలీసువారిని పల్లెలకు పంపి, జానపద గాయకులచేత పాటలు పాడించి, పుకార్లను నమ్మవలదని ప్రచారము చేయించిరి. చూచితిరా! అరచేతిలోని యంత్రము పుట్టించిన చిచ్చును ఆర్పుటకు మరల డప్పు, పాట, ఎదుటనిలిచి చెప్పు మనిషియే కావలసివచ్చిరి.

“నిప్పు లేనిదే పొగ రాదు” అని మనవారందురు. ఆ సామెతయే ఆనాడు మనలను మోసపుచ్చినది. నిప్పు లేకయే పొగ పుట్టించు యంత్రములు ఈ కాలమున కలవు. నేడు మనిషి ముఖమును, గొంతును కూడ కల్పించి, అతడు అనని మాట అనినట్లు చూపుచున్నారు. కావున ఈ కాలమునకు తగిన సామెత వేరు. “నిజము నిలకడమీద తేలును.” ఫోనులో అన్నియు ఉన్నవి, నిలకడ ఒక్కటి లేదు. ఒక సందేశము చదువుచుండగనే పదిసందేశములు దానిని క్రిందికి త్రోయును. అది చూచువాడు ఒంటరి. ప్రక్కవాడు “ఆగు, మరల చదువు” అనడు.

భారతములో రెండు ఘట్టములు ఈ సందర్భమున నాకు తరచు స్ఫురించును. మొదటిది ద్రోణవధ. భీముడు అశ్వత్థామ అను పేరుగల ఏనుగును చంపి, అశ్వత్థామ చచ్చెనని అరచెను. ద్రోణుడు నమ్మక, అబద్ధమాడనివాడని ధర్మరాజును అడిగెను. ధర్మరాజు అశ్వత్థామ హతుడయ్యెనని పెద్దగా చెప్పి, ఏనుగు అను మాటను మెల్లగా అనెను. మాటలన్నియు నిజమే. ఏది బిగ్గరగా అనబడినదో, ఏది లోగొంతుతో అనబడినదో, అందులో మోసమున్నది. గురువు అస్త్రసన్న్యాసము చేసెను, తల కోల్పోయెను. అంతవరకు నేలకు నాలుగంగుళములు పైన నడచుచుండిన ధర్మరాజు రథము ఆ క్షణమున నేలనంటెను. పెద్ద అక్షరముల శీర్షికయు, చిన్న అక్షరముల సవరణయు చూచినప్పుడెల్ల నాకు ఈ రథమే కన్నులకు కట్టును. ద్రోణుడు మోసపోయినది శత్రువుమాట నమ్మి కాదు, సత్యవంతుడని పేరుపడినవాని మాట నమ్మి. మన రావిచెట్టు కడ జరిగినదియు అదియే.

రెండవది సంజయుని కథ. వ్యాసుని వరమున సంజయునకు యుద్ధమంతయు తెలియుచుండెను. వాడు దాపరికము లేక చెప్పెను. రాజునకు రుచింపని మాటలను, నీ తప్పువలననే ఇది వచ్చినదను మాటను కూడ మొగముమీదనే చెప్పెను. అంతకు మించిన విలేఖరి ఎవడు? అయినను ఏమి ప్రయోజనము? వినువాడు ధృతరాష్ట్రుడు. తన కొడుకులు గెలిచిరను మాటకొరకు మాత్రమే చెవి ఒగ్గినవాడు. చెప్పువాడు సంజయుడైనను, వినువాడు ధృతరాష్ట్రుడైనచో వంశము నిలువదు. పత్రికలు చెడిపోయినవని, టెలివిజను చెడిపోయినదని మనము తిట్టుచున్నాము. తిట్టవలసిన చోట తిట్టవలసినదే. కాని మనకు నచ్చిన మాటయే నిజమని, మన కులమువానిని, మన పార్టీవానిని పొగడినదే వార్తయని అనుకొన్నంతవరకు, మన అంధత్వమునకు ఎదుటివారి కన్నులు మందు కావు.

మరి మందేది? కౌటిల్యుడు చెప్పియున్నాడు. ఒకరినొకరు ఎరుగని ముగ్గురు చారులు ఒకే మాట చెప్పినప్పుడే రాజు నమ్మవలెనట. నేడు ప్రతివాడును ఓటుగల రాజే. ఒక సందేశము ముప్పదిమంది పంపినంతమాత్రమున ముప్పది సాక్ష్యములు కావు. ఒక్క దొంగరశీదునకు ముప్పది నకళ్ళు. ఈ తేడా తెలిసినవాడు సగము గట్టెక్కినట్లే.

నా మట్టుకు నేను ఆనాటినుండి నాలుగు ప్రశ్నలు పెట్టుకొంటిని. పద్దు ఎక్కించుటకు ముందు మేము అడుగునవే అవి. ఇది వ్రాసినది ఎవరు? తేదీ, స్థలము ఏవి? ఆధారమేది? దీనివలన ఎవరికి లాభము? నాలుగింటికిని జవాబు దొరకనిదానిని నేను ముందుకు పంపను. మంచిమాటయైనను పంపను. దీనివలన నాకు నష్టమేమియు రాలేదు. మా బంధువులు మాత్రము నేను ఉలకను పలకనని అలిగిరి.

ఇప్పుడు కార్యవర్గమువారి ప్రశ్నకు నా జవాబు. చందా కట్టవలెను. కాని మునుపటివలె కట్టి ఊరకుండరాదు. పదిమంది రాని బల్లమీద పత్రిక పరచుట దండుగయే యని నేనును ఒప్పుకొందును. అందుచే మూడు మనవులు చేయుచున్నాను.

మొదటిది, ప్రతిదినము సాయంకాలము అరగంటసేపు పఠనమందిరపు అరుగుమీద పత్రికను బిగ్గరగా చదువుదము. పాఠశాల పిల్లలు వంతులవారీగా చదువవలెను. పెద్దలు ప్రశ్నలు వేయవలెను. పిల్లలకు ఉచ్చారణ కుదురును, పెద్దలకు కాలము సద్వినియోగమగును. చూపు మందగించిన తాతలకు, చదువు అబ్బని అవ్వలకు లోకము తెలియును. స్త్రీలకు అనుకూలమైన వేళ వారిని అడిగియే నిర్ణయింపవలెను. దూబగుంట పాఠమును మరువరాదు.

రెండవది, మందిరములో ఒక పుస్తకము పెట్టుదము. ఫోనులో వచ్చి ఊరిని కలవరపెట్టిన సందేశమేదైనను అందులో ఒక ప్రక్క వ్రాయవలెను. రెండవ ప్రక్క, విచారించి తెలిసికొన్న నిజమును, దాని ఆధారమును వ్రాయవలెను. తెలియనిచో తెలియలేదని వ్రాయవలెను. చిఠ్ఠా ఒక ప్రక్క, సరిచూచిన లెక్క మరియొక ప్రక్క. మొదటి పద్దు నాదే వ్రాయించుడు. 2018 వేసవి, పిల్లల దొంగలు, పంపినది నేను, అబద్ధము. నాకు చిన్నతనము లేదు.

మూడవది, పత్రికను పుస్తకమునుండి వేరుచేయకుందము. వార్త నేటి చిఠ్ఠా, గ్రంథము తరతరముల ఆవర్జా. దినము గడచిన కొలది చిఠ్ఠా పాతబడును, ఆవర్జా మిగులును. కరవునుగూర్చిన వార్త చదివినవానికి చెరువులనుగూర్చిన పుస్తకము బీరువానుండి తీసి ఈయవలెను. ఎన్నికల వార్త చదివినవానికి రాజ్యాంగము ఈయవలెను. ఈ పని ఫోను చేయలేదని కాదు, అందు అన్నియు కలవు. కాని అడిగినది ఇచ్చుట వేరు, అవసరమైనది చేతికందించుట వేరు. దానికి మనలను ఎరిగిన మనిషి కావలెను.

కుర్చీల సంగతి యందురా? అరుగుమీద కూర్చుండుటకు చాపలు చాలును. రెండు చాపలు నేను తెత్తును.

సోదరులారా! ఇరువదియైదు సంవత్సరముల ఈ గ్రంథాలయపు జమాఖర్చులలో ఎన్ని పుస్తకములు వచ్చినవో, ఎన్ని చిరిగినవో, ఎంత చందా వసూలైనదో నేను చెప్పగలను. కాని ఒక్క పద్దు మాత్రము ఏ పుస్తకములోను లేదు. ఆనాటి సాయంకాలము ఈ బల్లకడ కూర్చుండి మంచినీళ్ళు త్రాగిన ఆ మనిషి ప్రాణము. ఆ బల్లమీద ఆనాటి పత్రిక లేకపోయినచో గ్రంథపాలకులు ఏమి చదివి యుందురు? ఆ ఒక్కనాటి పత్రిక వెల ఐదారు రూపాయలు. ఆ ఆరు రూపాయలకు మన ఊరు హంతకుల ఊరు కాకుండ తప్పించుకొన్నది. ఇంతకంటె లాభసాటియైన ఖర్చు నా జీవితములో నేను వ్రాయలేదు.

రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము కూడ జరుపుకొనుగాక. ఆనాటికి నేనుండినను ఉండకున్నను, ఈ అరుగుమీద ఒక పిల్ల పత్రిక చదువుచుండగా, ఒక ముసలివాడు “ఆగమ్మా, ఆ మాట మరల చదువు” అని అడుగుచుండవలెనని నా కోరిక.